ఆ కాఫీ కొట్టు పేరు ఒక హాకీ బ్యాక్‌ది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం ఎన్నారై పేజీలో కెనడాలో చదువుకుంటున్న మన పిల్లల పార్ట్‌టైం పనుల మీద వచ్చిన వ్యాసం చదివాను. అద్దె, బస్సు పాసు, నెల చివర్లో మిగిలేదెంత అన్న లెక్కలన్నీ బాగా రాశారు. టిమ్ హోర్టన్స్ అనే కాఫీ కొట్ల పేరు అందులో అడుగడుగునా ఉంది. ఉంటుంది మరి. ఒంటారియోలో దిగిన తెలుగు పిల్లలు రెజ్యూమె పట్టుకుని మొదట ఎక్కే మెట్లు ఆ కొట్టువే. కానీ ఒకచోట ‘టిమ్ హోర్టన్ అనే కాఫీ వ్యాపారి స్థాపించిన’ అన్న ముక్క పడింది. అది చదివాక గమ్మున ఉండలేకపోయాను. ఆయన కాఫీ వ్యాపారి కాదండీ, మంచు మీద ఆడే ఐస్ హాకీ ఆటగాడు. అందులోనూ బ్యాక్, అంటే వెనక నిలబడి గోలు కాపాడేవాడు. కొట్టు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలిస్తే, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఎత్తేయాలంటూ పోయిన నెల మీరు రాసిన సంపాదకీయానికి కూడా అందులో జవాబు దొరుకుతుంది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగైతే కత్తెర వేసుకోండి, కానీ డబ్బుల సంగతి రాసిన చోట మాత్రం వేయొద్దు.

నేను గుంతకల్లు డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా రిటైరైనవాణ్ణి. రైల్వే హాకీ జట్టుకు రైట్ బ్యాక్ ఆడినవాణ్ణి. ఇప్పుడు తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద హామిల్టన్‌లో కూతురింట్లో ఉంటున్నాను. టిమ్ హోర్టన్స్ మొదటి కొట్టు ఈ ఊళ్ళోనే, ఒట్టావా స్ట్రీట్ మీద 1964లో తెరిచారు. ఆ తావులోనే ఇప్పుడు కొత్త కట్టడం ఉంది. కింద కాఫీ, పైన చిన్న మ్యూజియం. మా అల్లుడు నన్ను అక్కడికి కాఫీకని తీసుకుపోయాడు. నేను కాఫీ చల్లారబెట్టుకుని పైన ఫొటోల ముందు నిలబడిపోయాను. ఆ తర్వాత ఇక్కడి లైబ్రరీలో దొరికినవన్నీ మనవరాలి చేత చదివించుకుని, అర్థం కానివి అడిగి అడిగి తెలుసుకున్నాను.

మనిషి పుట్టింది 1930 జనవరి 12న, కాక్రేన్ అనే ఊళ్ళో. టొరంటోకు ఉత్తరంగా ఏడువందల కిలోమీటర్ల పైమాటే. రికార్డుల్లో పేరు మైల్స్ గిల్బర్ట్ హోర్టన్, పిలుపులో టిమ్. కాక్రేన్ రైల్వే జంక్షను. తండ్రి కెనడియన్ నేషనల్ రైల్వేలో మెకానిక్. ఈ ముక్క దగ్గరకొచ్చేసరికి మనవరాలిని ఆపి ఇంకోసారి చదవమన్నాను. రైలు కూతతో లేచి రైలు కూతతో పడుకునే ఊరు ఎట్లుంటుందో నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కాకపోతే మాది ఎర్రమట్టి, సన్నకంకర. పడితే మోకాలి చిప్ప మీద తోలు ఉండదు. వాళ్ళది మంచు. చలికాలంలో ఖాళీ జాగాలో నీళ్ళు పోసి వదిలేస్తే తెల్లారేసరికి మైదానం తయారు. కొంతకాలం క్యూబెక్‌లో డుపార్కే అనే బంగారు గనుల ఊళ్ళో ఉండి, మళ్ళీ కాక్రేన్ వచ్చి, 1945లో నికెల్ గనుల సడ్‌బరీకి చేరారు. పిల్లవాడు ఎక్కడికి పోయినా గనులో, రైళ్ళో, మంచో. పదిహేడేళ్ళకు టొరంటోలోని సెయింట్ మైకేల్స్ కాలేజీకి వచ్చాడు. చదువుకోసం అని పేరు. అసలు సంగతి ఏమిటంటే టొరంటో మేపుల్ లీఫ్స్ క్లబ్బుకు ఆ కాలేజీ జట్టు నారుమడి.

ఆ రోజుల్లో చిన్న ఊళ్ళ పిల్లలను పట్టే పద్ధతి ఒకటుండేది. సి-ఫారం అని ఒక కాగితం. పిల్లవాడు దాని మీద సంతకం పెడితే, మైనరైతే తల్లిదండ్రులు పెడితే, చేతిలో కాసిని డాలర్లు పడతాయి. బదులుగా వాడి ఆట ఆ క్లబ్బు సొంతం. వేరే క్లబ్బు పిలిచినా పోవడానికి లేదు. క్లబ్బు మాత్రం వాణ్ణి ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మొచ్చు, కింది లీగుకు తోసేయొచ్చు. గనిలో దిగే తండ్రి ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ఎట్లుంటాడు? నేషనల్ హాకీ లీగులో 1967 దాకా ఉన్నవి ఆరే జట్లు. దేశమంతా ఆడే ఆటకు పై మెట్టు మీద ఉన్న ఉద్యోగాలు నూటపాతిక లోపు. హోర్టన్ కూడా మూడేళ్ళు అమెరికాలో పిట్స్‌బర్గ్ హార్నెట్స్ అనే కింది జట్టులో ఆడి, 1952లో వాళ్ళకు ఆ కింది లీగు కప్పు, కాల్డర్ కప్పు, తెచ్చిపెట్టాకే టొరంటోలో స్థిరమైన చోటు సంపాదించాడు. ఆ ఏడే పెళ్ళి. ఆమె పేరు లోరి. తర్వాత నలుగురు ఆడపిల్లలు.

ఐస్ హాకీలో గోలీ కాక మంచు మీద ఐదుగురు. ముగ్గురు ముందు, ఇద్దరు వెనుక. ఆ ఇద్దరినే డిఫెన్స్‌మన్ అంటారు, మన లెక్కలో బ్యాక్‌లు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో స్కేట్ల మీద దూసుకొచ్చేవాణ్ణి వీళ్ళు ఎదురుగా పోవడం కాదు, వెనక్కి జారుకుంటూ, ముఖం వాడి వైపే పెట్టుకుని ఆపాలి. మన హాకీలో ఒంటితో గుద్దితే విజిల్ పడుతుంది. అక్కడ భుజంతో గుద్ది చుట్టూ ఉన్న చెక్క గోడకు అదిమేయడం ఆటలో భాగం. ఆ రోజుల్లో నెత్తిన హెల్మెట్ లేదు. హోర్టన్‌కు దూరం చూపు తక్కువ, బయట తిరిగితే దళసరి కళ్ళజోడు. కానీ బలం అసాధారణం. డెట్రాయిట్ మేటి ఆటగాడు గార్డీ హౌ అంతటివాడు ఆయనను ఆటలోకెల్లా బలవంతుడన్నాడు. కొట్లాటలు మామూలైన ఆ ఆటలో ఈయన చేయి ఎత్తడం తక్కువ. ఎదుటివాణ్ణి రెండు చేతులా వాటేసుకుని, వాడి పక్కటెముకలు కదలకుండా బిగించేవాడట. రోంచేపటికి వాడి కోపం వాడే మింగుకునేవాడు. 1,446 ఆటల్లో ఆయన కొట్టిన గోల్స్ 115. ఫార్వర్డ్ అయితే అది పెద్ద లెక్క కాదు. బ్యాక్ పని రైలుబండికి బ్రేకు లాంటిది, పట్టినంతకాలం దాని ఊసెత్తేవాళ్ళుండరు. ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ ఆయనకు ఒక్కసారీ రాలేదు. లీగు ఆల్‌స్టార్ జట్ల మొదటి వరుసలో మూడుసార్లు, రెండో వరుసలో మూడుసార్లు చోటిచ్చారు.

ఒక్క ఆట చివరి నిమిషం గురించి మాత్రం వివరంగా రాయాలి. 1967 మే 2. నేషనల్ హాకీ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో ఆరో ఆట, టొరంటోలో, ఎదుట మాంట్రియల్. టొరంటో 2-1 ఆధిక్యంలో ఉంది. ఇంకా 55 సెకన్లుంది. మాంట్రియల్ వాళ్ళు గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ణి దింపారు. ఫేసాఫ్ టొరంటో గోలు పక్కనే. అంటే రెఫరీ పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కింద వేయగానే ఎవరు లాగితే ఆట వాళ్ళది. కోచ్ పంచ్ ఇమ్లాక్ ఆ క్షణానికి ఎవరిని పంపాడో చూడండి. ఆలన్ స్టాన్లీ, 41 ఏళ్ళు. రెడ్ కెల్లీ, 39. ఈయన మధ్యలో మూడేళ్ళు పార్లమెంటు సభ్యుడుగా కూడా చేశాడు, అదీ ఆడుతూనే. టిమ్ హోర్టన్, 37. కెప్టెన్ జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్, 36. అందరిలోకీ చిన్న పుల్‌ఫర్డ్, 31. గోలులో టెర్రీ సాచుక్, 37. మా షెడ్డులో అయితే ఈ వయసువాళ్ళను వెటరన్స్ మ్యాచ్‌కు పిలిచి శాలువా కప్పి పంపుతారు. ఫేసాఫ్ తీసుకోమన్నది ఫార్వర్డ్‌ను కూడా కాదు, స్టాన్లీ అనే బ్యాక్‌ను. ఎదురుగా మాంట్రియల్ కెప్టెన్ జాన్ బెలివో, ఆ తరంలో మొనగాడు. పక్ పడింది. స్టాన్లీ దాన్ని కదిలించి, తన ఒంటిని బెలివోకు అడ్డంపెట్టాడు. కెల్లీ అందుకుని పుల్‌ఫర్డ్‌కిచ్చాడు, పుల్‌ఫర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కిచ్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ మధ్యగీత దాటి ఖాళీ గోలులోకి తోశాడు. 3-1. ఈ దృశ్యంలో హోర్టన్ పక్‌ను ముట్టుకోనైనా ముట్టుకోలేదు. గోలు ముందు తన తావులో నిలబడ్డాడు, అంతే. పెనాల్టీ కార్నర్‌కు గోలు గీత మీద నిలబడినవాళ్ళెవరినైనా అడగండి, ఆ నిలబడటంలో ఏముందో చెబుతారు. 1962, 63, 64, 67, మొత్తం నాలుగు కప్పులు ఆయనకు. టొరంటో ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్ళీ ఆ కప్పు ముఖం చూడలేదు. ఇక్కడి వాళ్ళు ఆ మాటెత్తితే చాలు నిట్టూరుస్తారు.

ఆ స్టాన్లీది కూడా కాక్రేన్‌కు దగ్గరలోని టిమిన్స్. అదే టిమిన్స్ నుంచి వచ్చిన ఇంకో బ్యాక్ బిల్ బారిల్కో. 1951లో ఓవర్‌టైంలో గోలు కొట్టి టొరంటోకు కప్పు ఇచ్చాడు. ఆ ఆగస్టులో చేపలవేటకని చిన్న విమానంలో వెళ్ళి మాయమయ్యాడు. విమాన శకలాలు 1962 జూన్‌లో దొరికాయి, కాక్రేన్‌కు ఉత్తరాన వంద కిలోమీటర్ల అడవిలో. ఆయన పోయాక టొరంటో మళ్ళీ కప్పు గెలిచింది ఆ ఏప్రిల్‌లోనే, హోర్టన్ ఉన్న జట్టుతో. ఉత్తరాది గనుల ఊళ్ళు ఈ ఆటకు ఎంతమంది బ్యాక్‌లను ఇచ్చాయో రాయాలంటే మీ పేజీ చాలదు.

ఇక డబ్బు సంగతి. మీ వ్యాసకర్తకు తెలియనిదీ, మీ సంపాదకీయం పట్టించుకోనిదీ ఇదే. 1955 మార్చి 12న న్యూయార్క్ రేంజర్స్ మీద ఆడుతూ ఉండగా బిల్ గాడ్స్‌బీ అనే ఇంకో బ్యాక్ గుద్దిన గుద్దుకు హోర్టన్ కాలు విరిగింది, దవడ విరిగింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఇంట్లో భార్య, పిల్లలు. కాలు అతకకపోతే ఆట లేదు, ఆట లేకపోతే జీతం లేదు. తరువాతి సీజన్లో చాలా ఆటలు పోయాయి. ఆ తర్వాత మళ్ళీ నిలదొక్కుకుని, 1961 ఫిబ్రవరి నుంచి 1968 ఫిబ్రవరి దాకా వరుసగా 486 ఆటలు, ఒక్కటి కూడా తప్పకుండా ఆడాడు. డిఫెన్స్‌మన్‌లలో ఆ రికార్డు 2007 దాకా చెక్కుచెదరలేదు. జనం దాన్ని ఉక్కుమనిషి బలం కింద లెక్కేస్తారు. నాకైతే అందులో భయం కూడా కనిపిస్తుంది. ఒక్క ఆట తప్పితే ఆ తావులో నిలబడటానికి కింది లీగులో ఎందరు కాచుకుని ఉన్నారో కింది లీగులో నలిగి వచ్చినవాడికే బాగా తెలుసు.

జీతాలు పెద్దవి కావు. ఎండాకాలం వస్తే ఆటగాళ్ళందరూ ఏదో ఒక పని చూసుకునేవాళ్ళు. హోర్టన్ కంకర, ఇసుక క్వారీలో పనిచేశాడు. ఆ క్వారీ ఎవరిది? మేపుల్ లీఫ్స్ క్లబ్బు యజమాని కాన్ స్మైత్‌ది. చలికాలం ఆయన కోసం ఆట, ఎండాకాలం ఆయన కంకర. 1957లో ఆటగాళ్ళు యూనియన్ పెట్టుకోబోతే, ముందు నిలబడిన టెడ్ లిండ్సేను డెట్రాయిట్ వాళ్ళు షికాగోకు పంపేశారు. టొరంటోలో హోర్టన్‌తో కలిసి ఆడిన జిమ్మీ థామ్సన్‌కూ అదే గతి, అదే షికాగో. యూనియన్ గట్టిగా నిలబడింది పదేళ్ళ తర్వాత, 1967లో. మేం యూనియన్ జెండా కింద పెరిగినవాళ్ళం కాబట్టి ఈ ముక్క చదివి పళ్ళు కొరుక్కున్నాను.

ఇట్లాంటి చోట తెలివైనవాడు ఏం చేస్తాడు? ఆట ఉండగానే రెండో పొయ్యి రాజేస్తాడు. హోర్టన్ కార్ల వ్యాపారం చూశాడు. జిమ్ చరాడే అనే ఆయనతో కలిసి హాంబర్గర్ల కొట్లు పెట్టాడు, అవి సరిగా నడవలేదు. 1964లో హామిల్టన్‌లో డోనట్ల కొట్టు. కాఫీ, డోనట్లు తప్ప ఇంకేమీ లేవు. మరుసటి ఏడు ఆ కొట్టును నడపడానికి రాన్ జాయిస్ అనే ఆయన వచ్చాడు. హామిల్టన్‌లో పోలీసు కానిస్టేబులుగా పనిచేసినవాడు. కొంతకాలానికి సగం వాటాదారు అయ్యాడు. వ్యాపారం పెరిగిందంటే జాయిస్ రెక్కల కష్టం, హోర్టన్ పేరు. అంతేగానీ హోర్టన్ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు కాదు, చలికాలమంతా మంచు మీద ఉండేవాడు. కొట్టు ముందా, ఆట ముందా అంటే ఆటే. కొట్టు పెట్టించింది ఆటలో లేని భరోసా.

ఇప్పుడు మీ సంపాదకీయం దగ్గరికి వస్తాను. స్పోర్ట్స్ కోటాలో దొంగ సర్టిఫికెట్లు పెరిగాయి కాబట్టి ఆ కోటానే ఎత్తేయాలని రాశారు. దొంగ సర్టిఫికెట్లు పెట్టినవాణ్ణి జైల్లో వేయండి, నేనేమీ అనను. కానీ నేను ఖలాసీగా షెడ్డులో చేరింది ఆ కోటాలోనే. పొద్దున షెడ్డు, సాయంత్రం గ్రౌండు. మోకాలు పోయి ఆట ఆగిపోయిన ఏడు నా జీతంలో ఒక్క రూపాయి తగ్గలేదు. ఇంజను కింద దూరి బోల్టులు బిగించడానికి రైట్ బ్యాక్ మోకాలు అక్కర్లేదు కదా. నాలుగు కప్పులు గెలిచిన టిమ్ హోర్టన్‌కు ఆ భరోసా ఒక్కరోజూ లేదు. నేను గెలిచింది జోనల్ స్థాయిలో ఏవో చిన్న షీల్డులు, అవి ఇన్‌స్టిట్యూట్ అల్మారాలో దుమ్ముపట్టి ఉంటాయి. అయినా ఈరోజు పింఛను తింటున్నాను. ప్రొఫెషనల్ లీగులు వచ్చాక ఆటగాళ్ళకు కోటాలు అనవసరం అన్న మీ వాదన వేలం పాటలో పేరు పలికిన పదిమందికి సరిపోతుందేమో. ఆ వేలంలో పేరు పలకని బ్యాక్ సంగతేమిటి? అనంతపురంలో ఆర్డీటీ అనే సేవాసంస్థ మైదానంలో స్టిక్కు పట్టిన ఆడపిల్ల తండ్రి ఆమెను ఇంకో రెండేళ్ళు ఆడనిస్తాడంటే ఒకటే కారణం, చివర్లో ఏదో ఒక ఉద్యోగం కనిపిస్తుందన్న ఆశ. ఆ ఆశ తీసేస్తే పిల్ల స్టిక్కు పక్కన పెడుతుంది. చిత్తూరు జిల్లా పల్లె నుంచి రజని ఒలింపిక్ జట్టు దాకా గోలీగా పోయిందంటే ఆ దారి ఇంకా మూసుకుపోలేదనేగా.

చావు గురించి కూడా రాయాలి, కానీ పూలదండ వేసి రాయను. 1969లో ఇమ్లాక్‌ను టొరంటో తీసేసినప్పుడు హోర్టన్ ఇక ఆడనన్నాడు. జీతం బాగా పెంచి ఆపుకున్నారు, మరుసటి ఏడే న్యూయార్క్‌కు పంపించారు. అక్కడినుంచి పిట్స్‌బర్గ్, ఆ తర్వాత బఫలో. బఫలోలో మళ్ళీ ఇమ్లాకే పిలిచాడు. 43 ఏళ్ళ మనిషిని ఇంకో సీజన్ ఆడించడానికి ఆశపెట్టింది డి టొమాసో పాంటెరా అనే రేసు కారు లాంటి కారు. 1974 ఫిబ్రవరి 20 రాత్రి బఫలో జట్టు టొరంటోలో ఆడి 4-2తో ఓడింది. హోర్టన్ దెబ్బతగిలి చివరి భాగం ఆడలేదు, అయినా ఆ రోజు మేటి ముగ్గురిలో ఆయన పేరు చదివారు. ఆట అయ్యాక జట్టు బస్సు ఎక్కకుండా తన కారులో బయల్దేరి, దారిలో ఓక్‌విల్ ఆఫీసులో జాయిస్‌ను కలిసి, మళ్ళీ బఫలో దారి పట్టాడు. తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో సెయింట్ కాథరిన్స్ దగ్గర కారు అదుపు తప్పి పల్టీలు కొట్టింది. సీటు బెల్టు లేదు. వయసు 44.

ఆయన తాగి ఉన్నాడా అన్న ప్రశ్నకు 31 ఏళ్ళు జవాబు బయటికి రాలేదు. 2005లో ఒక విలేకరి పట్టుబట్టి శవపరీక్ష నివేదిక బయటికి తీయిస్తే, రక్తంలో మద్యం చట్టం ఒప్పుకునే మోతాదుకు రెట్టింపు ఉందని తేలింది. తాగినప్పుడు హోటల్ గదుల తలుపులు భుజంతో విరగ్గొట్టేవాడని తోటి ఆటగాళ్ళు నవ్వుతూ చెప్పిన కథలున్నాయి. ఆ నవ్వులే ఆ రాత్రికి దారి తీశాయని నా అభిప్రాయం. మా జట్టులోనూ ఇట్లా నవ్వి వదిలేసిన సంగతులున్నాయి, వాటిని ఇక్కడ రాయను. మన ఊళ్ళనుంచి కెనడా వచ్చిన తల్లిదండ్రులందరినీ పిల్లలు నయాగరా చూపించడానికి తీసుకుపోతారు కదా, క్వీన్ ఎలిజబెత్ వే అనే ఆ రహదారి మీదే ఇదంతా జరిగింది. మా అల్లుడు ఆ దారిలో నూట ఇరవై దాటించబోతే నేను వెనక సీట్లోంచి ఈ కథ ఎత్తుకుంటాను. వాడికి విని విని విసుగొచ్చింది, కానీ కాలు మాత్రం తీస్తాడు.

లోరి సంగతి చాలామందికి తెలియదు. భర్త చనిపోయేనాటికి కొట్లు నలభై దాకా ఉన్నాయి. రెండేళ్ళు తిరక్కుండానే ఆమె తన సగం వాటాను సుమారు పది లక్షల డాలర్లకు, ఒక కాడిలాక్ కారుకు జాయిస్‌కు అమ్మేసింది. ఆ తర్వాత ఆ వాటా విలువ ఎన్ని రెట్లయిందో వీధి వీధికీ ఉన్న కొట్లే చెబుతాయి. సంతకం పెట్టినప్పుడు మందు బిళ్ళల మత్తులో ఉన్నానని, బేరం చెల్లదని ఆమె కోర్టుకు ఎక్కింది. 1993లో ఓడిపోయింది, పై కోర్టులోనూ నెగ్గలేదు. 2000లో కన్నుమూసింది. కోర్టు కాగితం చూసి తీర్పిచ్చింది, దాన్ని తప్పుపట్టే చదువు నాకు లేదు. కానీ పదిహేడేళ్ళప్పుడు క్లబ్బు కాగితం, మొగుడు పోయాక వాటా కాగితం, ఆ ఇంటికి సంతకాలు కలిసిరాలేదు. విచిత్రం చూడండి, హోర్టన్ పెద్దకూతురు పెళ్ళాడింది ఆ జాయిస్ కొడుకునే. మనవైపు కూడా పొలం తగాదా నడుస్తుండగానే వియ్యమందుకున్న ఇళ్ళు లేవా!

ఇప్పుడా కంపెనీ బర్గర్ కింగ్ యజమానుల చేతిలో ఉంది. చిన్నపిల్లల హాకీ జట్లకు టింబిట్స్ పేరుతో జెర్సీలు ఇస్తారు. మా మనవడు కూడా ఆ జెర్సీ తొడుక్కుని ఆదివారం పొద్దున రింక్‌కు పోతాడు. నేను కంబళి కప్పుకుని బెంచీ మీద కూర్చుంటాను. రింక్ లోపల చలి నా పాత మోకాలి పని పడుతుంది. పిల్లలందరూ తేనెటీగల్లా పక్ చుట్టూ మూగుతారు, వెనక ఎవడూ నిలబడడు. మావాడికి ఎంత చెప్పినా గోలు కొట్టాలనే. తోటి తండ్రుల్లో చాలామందికి కూడా జెర్సీ మీద ఉన్న పేరు ఎవరిదో తెలియదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే తెలియనప్పుడు మీ వ్యాసకర్తను అని ఏం లాభం అనుకున్నాను, అయినా పత్రికలో అచ్చయింది కాబట్టి సవరణ వేయాలి.

ఇంకో మనవి కూడా ఉంది. మీ జిల్లా ఎడిషన్లో హాకీ పోటీల వార్త వేసినప్పుడు గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లే వేస్తారు. 1-0 అని గెలిచిన ఆటలో ఆ సున్నాను కాపాడినవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ళ పేర్లు కూడా ఒక వరుసలో వేయండి. ఊరికే సంతోషం కోసం అడగడం లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు సర్టిఫికెట్లతో పాటు పేపరు కటింగులు కూడా జతచేస్తారు. ఫార్వర్డ్ ఫైలు లావుగా ఉంటుంది, బ్యాక్ ఫైల్లో ఒక్క కటింగు కూడా ఉండదు. సెలక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్ళలో ఆట చూసినవాళ్ళు తక్కువ, ఫైలు చూసేవాళ్ళే ఎక్కువ.

కోటా మీద మళ్ళీ రాయదలిస్తే మీ విలేకరిని ఒకసారి గుంతకల్లు పంపండి. కోటాలో చేరి, ఆడి, రిటైరైనవాళ్ళు షెడ్డు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఏం చదివారో, ఇల్లు ఎప్పుడు కట్టుకున్నారో అడిగి రాసుకోమనండి. కొందరికి ఫోను సరిగా వినపడదు. రైల్వే గ్రౌండు గేటు దగ్గర టీ కొట్టులో అడిగితే ఇంటిదాకా తీసుకుపోతారు.

ఇట్లు,
విశ్రాంత ఫిట్టరు, గుంతకల్లు డీజిల్ షెడ్డు
(ప్రస్తుతం హామిల్టన్, ఒంటారియో, కెనడా)